పుచ్చుకర్రకు పట్టిన యోగం

నన్నెవరూ కొనలేదు. కొనే స్తోమత లేకనే నేను పుట్టాను.

1963 ఆగస్టు మాట. లండన్ పడమటి శివార్లలో, విమానాలు దిగే చోటికి దగ్గరగా, ఫెల్తమ్ అనే పేట. అక్కడొక చిన్న ఉద్యోగి ఇల్లు. ఇంటాయన హెరాల్డ్ మే గారు విమానయాన శాఖలో డ్రాఫ్ట్స్‌మన్. ఒక్కగానొక్క కొడుకు బ్రయన్, పదహారేళ్ళవాడు. ఆ రోజుల్లో ఆ వయసు కుర్రాళ్ళందరి లాగే వాడి కళ్ళూ ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటారు మీద పడ్డాయి. దాని ఖరీదు వాళ్ళ నాన్నగారి జీతానికి అందేది కాదు. ఇంకో ఇంట్లో అయితే ఏడుపో అలకో జరిగి ఊరుకునేది. హెరాల్డ్ గారు మాత్రం ఇంట్లో టీవీని కూడా తన చేత్తోనే తయారుచేసుకున్న మనిషి. కొనలేనిది చేసుకోవడం ఆయనకు అలవాటు. తండ్రీకొడుకులు రంపం, ఉలి, సోల్డరింగ్ ఇనుము పట్టుకుని కూర్చున్నారు. సెలవు రోజులూ సాయంత్రాలూ కలిసి, నన్ను పూర్తిచేసేసరికి 1964 అక్టోబరు వచ్చింది.

నా మెడ సంగతి ముందు చెప్పాలి. అది అంతకుముందు ఎవరింట్లోనో చలిమంట గూటి మీద అడ్డంగా ఉండే మహాగని దిమ్మ. నూరేళ్ళ పాతది, వాళ్ళు పారేయబోతుంటే వీళ్ళు తెచ్చుకున్నారు. పురుగు తొలిచిన బొక్కలున్నాయి అందులో. బ్రయన్ వాటిలో అగ్గిపుల్లలు దూర్చి, పూడ్చి, నున్నగా తోమాడు. ఇంత మెడను చేత్తో చెక్కడం ఎంత కష్టమో వడ్రంగం తెలిసినవాళ్ళకే అర్థమవుతుంది. వీణకు మెట్లు ఎంత ముఖ్యమో నాకూ అంతే ముఖ్యం, వెంట్రుకవాసి తేడా వచ్చినా శ్రుతి చెడుతుంది. మెట్లు ఎక్కడెక్కడ పడాలో కుర్రాడు లెక్కలు కట్టి మరీ తేల్చాడు. నావి ఇరవై నాలుగు మెట్లు. వేళ్ళు ఆనే పట్టీ ఓక్ చెక్క. నల్లరంగు వేస్తే ఎబొనీ అనుకోవాలి మరి. గుర్తులకని దాని మీద పొదిగిన తెల్లటి చుక్కలు వాళ్ళమ్మ రూత్ గారి కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు. ఒళ్ళు పాత ఓక్ బల్ల ముక్కలు, అతుకుడు చెక్క, పైనా కిందా మహాగని పొర. అంచు చుట్టూ అల్మరా అరలకు అంటించే ప్లాస్టిక్ పట్టీ.

ఇదంతా వింటే పాతసామాన్ల కొట్టు గుర్తుకొస్తుంది. రానివ్వండి, నాకేం నామోషీ లేదు. కానీ అసలు తెలివి ఎక్కడుందో చూడాలంటే నా వంతెన దగ్గరికి వంగి చూడాలి.

గిటారుకి ట్రెమొలో అని ఒక చేతికర్ర ఉంటుంది. దాన్ని నొక్కితే తీగలన్నీ ఒక్కసారి వదులై స్వరం కిందికి జారుతుంది, వదిలితే పైకొస్తుంది. వచ్చిన చిక్కేమిటంటే, ఆ కాలపు గిటార్లలో కిందికి జారిన స్వరం పూర్తిగా వెనక్కి వచ్చేది కాదు. తీగ ఎక్కడో రాసుకుని, ఆగిపోయి, శ్రుతి తప్పేది. ఈ తండ్రీకొడుకులకు రాపిడే శత్రువు అని అర్థమైంది. గట్టి ఉక్కును కత్తి అంచులా పదునుపెట్టి, ఆ అంచు మీద నా ట్రెమొలో మొత్తం ఊగేట్టు అమర్చారు. తీగలు వంతెన దాటే చోట చిన్నచిన్న రోలర్లు పెట్టారు. తీగ లాగితే రాసుకోదు, దొర్లుతుంది. ఆరు తీగల బిగువుకు ఎదురు నిలబడడానికి 1928 నాటి పాంథర్ మోటారుసైకిలు వాల్వ్ స్ప్రింగులు రెండు బిగించారు. చేతికర్ర, సైకిలు సంచిని పట్టి ఉంచే ఇనపకడ్డీ. దాని చివర తొడుగు, స్వెటర్లు అల్లే సూది ముక్క. మోటారుసైకిలూ సైకిలూ రెండూ కలిసి పాటకు పనికొచ్చిన చోటు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు.

ఇంకొక పంతం బ్రయన్‌ది. నా లోపల కొంత బోలుగా ఉండాలన్నాడు. సభల్లో మైకు పట్టుకుని స్పీకరు ముందుకెళితే కీచుమని కూస్తుందే, ఆ గోల అందరికీ చికాకు. ఈ కుర్రాడికి మాత్రం అదే కావాలి. స్పీకరు శబ్దానికి నా ఒళ్ళు కంపించాలి, ఆ కంపనకు తీగ మళ్ళీ మోగాలి, ఆ మోత మళ్ళీ స్పీకరుకి వెళ్ళాలి, అలా స్వరం ఆగకుండా పాడుతూ ఉండాలి. వయొలిన్ మీద ఉండే రంధ్రం కూడా నా పొట్ట మీద కోద్దామనుకున్నాడు. ఎందుకో చెయ్యి రాలేదు, బతికిపోయాను.

తీగ కంపనను పట్టి స్పీకరుకి పంపే పికప్‌లు మొదట తనే అయస్కాంతాలు కొని, తీగ చుట్టి చేశాడు. అవి బాగానే మోగాయి కానీ, తీగను పక్కకు లాగినప్పుడల్లా వింత గరగర చేసేవి. అయస్కాంతాల ధ్రువాల అమరికలో వచ్చిన తంటా అది. చివరికి మూడు బర్న్స్ పికప్‌లు కొనక తప్పలేదు. అవి కూత పెట్టకుండా ఎరల్‌డైట్ జిగురు నింపాడు. ఒక్కొక్కదానికీ రెండేసి స్విచ్చులు. ఒకటి పికప్‌ను వేయడానికీ ఆర్పడానికీ, రెండోది దాని దశ తిరగేయడానికి. రెండు పికప్‌లు ఎదురెదురు దశల్లో పనిచేస్తే బొంగురు స్వరాలు ఒకదాన్నొకటి చంపుకుని, సన్నటి, చీల్చుకుపోయే నాదం మిగులుతుంది. ఫ్యాక్టరీ గిటార్లలో అలాంటి వెసులుబాటు ఆనాడు చాలా అరుదు. నా మొత్తం ఖర్చు 8 పౌండ్లని చెప్పుకుంటారు.

హెరాల్డ్ గారి ఉద్దేశంలో నేనొక చక్కని ప్రయోగాన్ని. కొడుకు చేతులకూ బుర్రకూ పని. వాడు చదువులో మెరిక, ఇంపీరియల్ కాలేజీలో ఫిజిక్స్‌లో చేరాడు, 1968లో డిగ్రీ తీసుకున్నాడు, ఆపైన ఖగోళశాస్త్రంలో పరిశోధన మొదలుపెట్టాడు. సూర్యుడి చుట్టూ గ్రహాలు తిరిగే తలంలో సన్నటి దుమ్ము పరుచుకుని ఉంటుంది. తెల్లారగట్లా పొద్దుగూకాకా చీకటి బాగా ఉన్న చోట ఆకాశంలో గోపురంలాంటి మసక వెలుగుగా అది కనబడుతుంది. ఆ దుమ్ము ఎటు, ఎంత వేగంగా కదులుతోందో కొలవడం అతని పని. టెనెరీఫ్ దీవి కొండ మీదికి వెళ్ళి రాత్రులు కొలతలు తీసుకొచ్చాడు. ఆ కొండ మీదికి నన్ను తీసుకెళ్ళలేదు లెండి.

పగలు దుమ్ము, రాత్రి నేను. స్కూల్లో ఉండగా ‘1984’ అని ఒక బృందం, తర్వాత ‘స్మైల్’. స్మైల్‌కు డ్రమ్ములు వాయించడానికి వచ్చినవాడు రోజర్ టేలర్. ఆ బృందం చుట్టూ తిరుగుతూ, ఇలా పాడండి, ఇలా నిలబడండి, ఇవేం బట్టలు అని సలహాలిచ్చే ఒక సన్నటి కుర్రాడు ఉండేవాడు. పేరు ఫారూఖ్ బల్సారా, పార్సీ పిల్లవాడు. జాంజిబార్‌లో పుట్టి, మహారాష్ట్ర కొండల్లో పంచ్‌గని బోర్డింగ్ స్కూల్లో చదువుకుంటూ పియానో నేర్చి, అక్కడే పిల్లలతో ‘హెక్టిక్స్’ అనే బృందంలో వాయించినవాడు. 1964లో, అంటే నేను పూర్తయిన ఏడాదే, వాళ్ళ కుటుంబం ఇంగ్లండ్ వచ్చి దిగింది ఎక్కడనుకున్నారు? మా ఫెల్తమ్‌లోనే. మా ఇంటికి నాలుగడుగుల దూరంలో. ఒకరికొకరు తెలియకుండానే ఒకే పేటలో కొన్నేళ్ళు గడిపారు. 1970లో స్మైల్ చెదిరి ‘క్వీన్’ పుట్టినప్పుడు అతనే గాయకుడు, ఫ్రెడీ మెర్క్యురీ. మరుసటి ఏడాది బేస్ గిటారుకి జాన్ డీకన్ వచ్చాడు. ఎలక్ట్రానిక్స్ చదివిన మనిషి, మాట తక్కువ.

1974లో బ్రయన్ పరిశోధన మధ్యలో వదిలేశాడు. థీసిస్ దాదాపు చివరికొచ్చింది. హెరాల్డ్ గారికి అది గుండెలో ముల్లు. అంత చదువు చదివించింది పాటలగుంపులో తిరగడానికా అని. ఇక్కడ నా ఇబ్బంది చెప్పుకోవాలి. ఆయన కొడుకుని చదువు నుంచి లాక్కెళ్ళిన వస్తువును ఆయనే చేశారు. రోలర్ల దగ్గర ఆయన వేలిముద్రలున్నాయి. ఆయన నన్ను తిట్టలేరు, మెచ్చుకోనూ లేరు.

అప్పటికి మా పని మాత్రం ఊపందుకుంది. బ్రయన్ నన్ను ప్లాస్టిక్ పిక్‌తో వాయించడు. అది వంగుతుంది, వేలికీ తీగకూ మధ్య ఏం జరుగుతోందో తెలియనివ్వదు అంటాడు. ఆరు పెన్నీల బిళ్ళతో వాయిస్తాడు. బిళ్ళ అంచుకున్న గాట్లు తీగ మీద గీసుకున్నప్పుడు స్వరం ముందు ఒక చిన్న హల్లు పలుకుతుంది. మనిషి మాట్లాడినట్టు ఉంటుందని వినేవాళ్ళు అనేది దాని మూలానే. 1980లో ఆ బిళ్ళ బజారులో చెల్లకుండా పోయింది. మా దగ్గర మాత్రం ఇప్పటికీ చెల్లుతోంది.

డీకన్ చేసిన పని ఒకటి కూడా నాకు రాసిపెట్టి ఉంది. చెత్తలో దొరికిన ఒక సర్క్యూటు పలకను తెచ్చి, పుస్తకాల అరలో పెట్టుకునే చిన్న స్పీకరు పెట్టెలో బిగించాడు. తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడిచే బుల్లి యాంప్లిఫయర్. దాన్ని ‘డీకీ యాంప్’ అంటారు. నాలాగే చెత్తకుప్ప చుట్టం కాబట్టి మా ఇద్దరికీ కుదిరింది. వేదిక మీద వాక్స్ యాంప్లిఫయర్ పెట్టెల వరసతో నేను ఎంత గర్జించినా, స్టూడియోలో ఈ డీకీతో కలిస్తే వయొలిన్‌లా, బూరాలా, క్లారినెట్‌లా మారిపోతాను. 1975లో ‘గుడ్ కంపెనీ’ పాట చివర పాతకాలపు జాజ్ వాద్యబృందం మొత్తం మోగుతున్నట్టు ఉంటుంది. బాకాలూ లేవు, ఊదేవాళ్ళూ లేరు. ఒక్కొక్క స్వరం విడిగా వాయించి, ఒకదాని మీద ఒకటి టేపులో పేర్చి, రోజుల తరబడి బ్రయన్ తల వంచుకుని చేశాడు. అదే పాటలో యుకలేలి బాంజో ఒకటి వినిపిస్తుంది. బ్రయన్ చిన్నప్పుడు యుకలేలి వాయించడం నాన్న దగ్గరే నేర్చుకున్నాడు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు గానీ నాకు గుర్తుంది.

ఆ ఏడాదే ‘బొహీమియన్ రాప్సడీ’. దాని గురించి లోకమంతా మాట్లాడుతూనే ఉంది కాబట్టి నేను పెద్దగా మాట్లాడను. బ్రిటన్‌లో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది. అందులో నా సోలో ఒక పాట లోపలి పాట. ఫ్రెడీ పాడిన వరసను మళ్ళీ నేను పాడను, వేరే మాట చెబుతాను.

అన్నీ నాకు అనుకూలంగా జరగలేదు. 1974లో అమెరికా పర్యటన మధ్యలో బ్రయన్‌కు కామెర్లు ముదిరి అందరూ వెనక్కి రావాల్సి వచ్చింది. ఆ వెంటనే కడుపులో పుండు. మిగతావాళ్ళు ‘షీర్ హార్ట్ ఎటాక్’ రికార్డింగ్ కానిస్తూ, నా చోట్లను ఖాళీగా వదిలారు. అతను కోలుకుని వచ్చి ఆ ఖాళీల్లో నన్ను కూర్చోబెట్టాడు. ‘కిల్లర్ క్వీన్’లో నేను మూడు గొంతులతో ఒకదాని తర్వాత ఒకటి గంటల్లా మోగుతాను, వినండి. జబ్బుమనిషి వాయించాడంటే నమ్మరు. ఇక 1977లో ‘వీ విల్ రాక్ యూ’ వచ్చింది. ఒక ఊళ్ళో కచేరీ అయ్యాక జనం వెళ్ళకుండా నిలబడి వాళ్ళంతట వాళ్ళే పాడడం చూసి, జనమే వాయించగల పాట రాయాలని బ్రయన్‌కు తోచింది. రెండు అడుగులు, ఒక చప్పట. లీడ్ గిటారిస్టు రాసిన పాటలో గిటారు దాదాపు చివరిదాకా నోరెత్తదు! నన్ను గదిలో కూర్చోబెట్టి, భోజనాలయ్యాక పిలిచినట్టు ఉంటుంది. చివర వచ్చిన ఆ కాస్సేపట్లోనే నా కసి తీర్చుకున్నాను.

ఒక్క అవమానం మాత్రం మరవలేను. 1979లో ‘క్రేజీ లిటిల్ థింగ్ కాల్డ్ లవ్’ రికార్డు చేస్తుంటే, ఈ పాట పాత రాక్ అండ్ రోల్ బాణీ, దీనికి ఫెండరే బాగుంటుందని నిర్మాత అన్నాడు. బ్రయన్ మొదట ఇష్టపడలేదట. తర్వాత ఒప్పుకుని రోజర్ దగ్గరున్న ఫెండర్‌తో సోలో వాయించాడు. ఎవడి గిటారు కొనలేక నన్ను చేసుకున్నాడో ఆ ఫెండరే! పాట అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కింది. నేనేమీ అనలేదు. కానీ ఆ సోలో విన్నవాళ్ళు ఇది బ్రయనే అని ఇట్టే పట్టేస్తారు. మరి నా గొప్పంతా నా కర్రదా, అతని వేళ్ళదా? ఈ లెక్క నాకు ఇప్పటికీ తెగలేదు.

హెరాల్డ్ గారి దగ్గరికి వస్తాను. మేం న్యూయార్క్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వాయించే రోజొకటి వచ్చింది. బ్రయన్ అమ్మానాన్నలకు కాంకార్డ్ విమానం టికెట్లు తీశాడు. కాంకార్డ్ కోసం జరిగిన పనిలో హెరాల్డ్ గారి చెయ్యి కూడా ఉంది. అయినా అది ఎక్కే తాహతు ఆయనకెప్పుడూ లేదు. ఆ రాత్రి సభ కిక్కిరిసింది. నేను బ్రయన్ మెడలో వేలాడుతున్నాను, ఎదురుగా ఎక్కడో ఆయన కూర్చున్నారు. తాను పదునుపెట్టించిన ఉక్కు అంచు మీద కొన్ని వేలమంది కేకలు ఊగుతుంటే ఆ ఇంజనీరుకు ఏమనిపించిందో నాకు తెలియదు. కచేరీ అయ్యాక లోపలికి వచ్చి కొడుకు చెయ్యి పట్టుకుని, ఇప్పుడు అర్థమైంది అన్నట్టు చెప్పారు. పొడుగు మాటల మనిషి కాదాయన. అంత మాత్రానికే బ్రయన్ ఎన్నేళ్ళుగా ఎదురుచూశాడో నా మెడకు తెలుసు.

1985 జూలై 13న వెంబ్లీలో ‘లైవ్ ఎయిడ్’ కచేరీ. మాకు ఇచ్చింది ఇరవై నిమిషాలు. ఫ్రెడీ ఆ జనాన్ని అరచేతిలో పెట్టుకున్నాడు, మేం వెనక నిలబడి పనిచేశాం. మరుసటి ఏడాది ఆగస్టు 9న నెబ్‌వర్త్‌లో అతనితో మా చివరి కచేరీ. అదే చివరిదని ఆ రోజు ఎవరూ అనుకోలేదు. 1988లో హెరాల్డ్ గారు పోయారు. 1991 నవంబరు 24న ఫ్రెడీ పోయాడు. ఆ ఏళ్ళలో బ్రయన్ మనసు బాగా కుంగిపోయింది. ఆ సంగతి తనే తర్వాత దాచకుండా చెప్పుకున్నాడు. ఈ రోజుల గురించి నేను ఇంతకంటే చెప్పను.

1998 వచ్చేసరికి నా ఒంటి మీద దెబ్బలు, గీతలు, ఊడిన పూత. గ్రెగ్ ఫ్రయర్ అనే ఆస్ట్రేలియా గిటార్ల కమ్మరి, కాదు, కొయ్యపనివాడు అనాలి, నన్ను చేతిలోకి తీసుకుని మరమ్మతు చేశాడు. అంతకుముందే నా కొలతలన్నీ తీసి నాలాంటివాటిని చేశాడు. వాటిలో ఒకదాని పేరు జాన్, ఇంకొకదాని పేరు పాల్. నా నకళ్ళు ఇప్పుడు బజార్లోనూ దొరుకుతాయి. అంటే కొనలేనివాడు చేసుకున్న వస్తువును కొనగలిగినవాళ్ళు కొనుక్కుంటున్నారు. బాగుంది.

2002 జూన్ 3న బకింగ్‌హమ్ ప్యాలెస్ కప్పు మీద నన్ను తగిలించుకుని బ్రయన్ ఒక్కడే నిలబడి జాతీయగీతం వాయించాడు. రాణిగారు సింహాసనం ఎక్కి యాభై ఏళ్ళు నిండిన స్వర్ణోత్సవం. పొయ్యి గూటి దిమ్మ రాజమందిరం పైకప్పు ఎక్కింది. గాలి విపరీతంగా ఉంది, ఒక్క తీగ తెగినా లోకమంతా చూస్తుంది. తెగలేదు. పాంథర్ స్ప్రింగులు నిలబడ్డాయి.

ఆ తర్వాత నాకు పోటీగా మళ్ళీ ఆ దుమ్మే వచ్చింది. ముప్పై ఏళ్ళకు పైగా అటక మీద పడున్న కాగితాలు దించి, కచేరీలు తగ్గించుకుని, అరవయ్యో ఏట మళ్ళీ విద్యార్థి అయ్యాడు. అతని అదృష్టమేమిటంటే, మధ్యలో ఆ విషయాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. పాత కొలతలు ఇంకా పనికొచ్చాయి. పైగా వేరే నక్షత్రాల చుట్టూ దుమ్ము వలయాలు కనబడ్డాక ఆ శాస్త్రానికే మళ్ళీ గిరాకీ పెరిగింది. 2007లో థీసిస్ ఇచ్చాడు, 2008లో డాక్టర్ పట్టా అందుకున్నాడు. నాకూ హెరాల్డ్ గారికీ మధ్య నడిచిన పందెంలో చివరికి ఆయనే గెలిచారని నేను ఒప్పుకుంటాను. అయితే 2019 జనవరి 1న ‘న్యూ హొరైజన్స్’ అంతరిక్ష నౌక ప్లూటోకు అవతల ఒక చిన్న రాయి పక్కనుంచి వెళ్ళినప్పుడు బ్రయన్ దాని కోసం పాట కట్టాడు, అందులో నేనూ ఉన్నాను. కాబట్టి పందెం సమానమైందని కూడా అనొచ్చు.

2023లో అతను సర్ అయ్యాడు. 2024లో ఒక రోజు ఉన్నట్టుండి అతని ఎడమ చెయ్యి మాట వినలేదు. స్వల్పంగా పక్షవాతం అన్నారు. ఎడమ చెయ్యంటే నా మెట్ల మీద నడిచే చెయ్యి. కుడిచేతిలో బిళ్ళ ఎంత బాగా ఆడినా, ఎడమ వేళ్ళు నొక్కకపోతే నేను ఉట్టి తీగలే. కొన్ని రోజుల తర్వాత అభిమానులతో ఆ సంగతి చెప్పడానికి కూర్చున్నప్పుడు అతను జబ్బు నుంచి మొదలుపెట్టలేదు. గిటారు వాయించగలుగుతున్నాను, ముందు అదీ మంచి వార్త అన్నాడు. డ్రైవింగ్ చేయకూడదు, విమానం ఎక్కకూడదు వగైరాలన్నీ ఆ తర్వాత.